గురి పెట్టిన చేతిని ఆపేదెవరు?

దొంకేశ్వర్ పసుపు చేల నుంచి ఫౌజులో చేరిన కుర్రాడికి గురి చూసి కొట్టడం నేర్పుతారు. మరి ఆగడం ఎవరు నేర్పాలి?

సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ (2017) అడిగిందీ అదే. 1971 యుద్ధకాలం, విశాఖ తీరం. కథలో కల్పన ఉన్నా సమస్య నిజం! కొడుకుని పోగొట్టుకున్న కెప్టెన్ (కె కె మీనన్) ముందు కొట్టాలంటాడు. అర్జున్ (రానా) ఆర్డరు రావాలంటాడు. ఇద్దరూ దేశభక్తులే!

ఓడ మునిగి నీళ్లలో పడ్డ స్త్రీని, పాపని కాపాడేదీ అర్జునే. పోరు ముగిశాక శత్రు నావికుల్నైనా వెతికి రక్షించాలంది 1949 నాటి జెనీవా ఒప్పందం. నిరాయుధుల మాట చెప్పాలా?

అయితే సముద్రం అడుగున ఆ కాగితం ఎవరి జేబులో ఉంటుంది? పక్కన నిలబడి ‘ఆగండి సార్’ అనగలిగే మనిషి ఉంటేనే దానికి ప్రాణం!