రాజ్మా వండాలంటే అగ్గి గట్టిగా ఉండాల

మా తుమ్మలపల్లెలో గింజలంటే కంది, అలసంద, ఉలవ. రాజ్మా పులివెందుల కొట్లో దొరుకుతుంది గానీ మా చేలల్లో పండదు. చల్లటి గాలి కావాలి దానికి. మన రాష్ట్రంలో చింతపల్లి, పాడేరు మన్యంలో గిరిజన రైతులు పండిస్తారు.

మా పిల్లకు హాస్టల్లో రుచి తగిలాక మా ఇంటికీ వచ్చింది. మా అత్త గింజను గోటితో గిచ్చి, "ఇవి రెండు విజిల్స్‌కి ఉడికే రకం గాదు మే" అనింది. నిజమే. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషం ఉంటుంది. నాలుగైదు పచ్చి గింజలు కడుపులో పడినా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతుండగా కనీసం అరగంట ఉడికించాలి. సన్నసెగ మీద గంటలకొద్దీ మగ్గబెడితే ఆ విషం చావదు. వేళ్ల మధ్య నలిపితే లోపలంతా మెత్తటి పిండిలా రావాలి.

100 గ్రాముల ఎండు గింజల్లో ప్రొటీన్ సుమారు 20 గ్రాములు. పీచు దండిగా ఉంటుంది కాబట్టి రక్తంలో చక్కెర నిదానంగా పెరుగుతుంది. ఫోలేట్, ఐరన్ కూడా ఉన్నాయి. ఐరన్ ఒంటబట్టాలంటే పైన నిమ్మకాయ పిండుకోవాలి, తిన్న వెంటనే టీ మానాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగాలి, ఇందులో పొటాషియం ఎక్కువ.

ఆ మాటకొస్తే మా ఉలవలేం తీసిపోలేదు: 100 గ్రాములకు ప్రొటీన్ 22 గ్రాములు, పైగా వాన మొహం చాటేసినా పండుతాయి. అందుకే రాజ్మా మాకు ఆదివారం కూర. మిగతా రోజుల్లో ఉలవ గుగ్గిళ్లు, అప్పుడప్పుడు అలసంద వడలు. వడలు నూనెలో తేలతాయని ఆరోగ్యం మాటల మధ్య రాయకూడదేమో!