విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం: ఏడాది గడువును మరవొద్దు

పాలమూరు వలస అంటే ఒకప్పుడు ముంబై, పుణె, భీవండి. దేశంలో ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి మట్టి పనికి పోవడం. ఇప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల దళిత బిడ్డలు దేశం కూడా దాటుతున్నారు. కొందరు గల్ఫ్‌కు పనికి పోతున్నారు. కొందరు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల వరకు వచ్చే సాయంతో పై చదువులకు వెళ్తున్నారు. వెళ్లిన చోటే సంసారం, పిల్లలు. మాలాంటి పరిశోధక విద్యార్థుల మధ్య తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: అక్కడ పుట్టిన బిడ్డ ఏ దేశ పౌరులు?

అమ్మానాన్నలు ఇండియన్లయితే బిడ్డ కూడా ఇండియనే కదా అనుకుంటాం. చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు.

చట్టం ఏమంటోంది?

పౌరసత్వ చట్టం, 1955లోని 4వ సెక్షన్ విదేశాల్లో పుట్టిన పిల్లల గురించి చెబుతుంది. 2004 డిసెంబర్ 3న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులైతే సరిపోదు. పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో జననాన్ని నమోదు చేయాలి. బిడ్డకు మరే దేశపు పాస్‌పోర్ట్ లేదని తల్లిదండ్రులు ప్రకటన ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అంటే విదేశంలో పుట్టిన బిడ్డకు ఈ నమోదే పౌరసత్వానికి తలుపు. పాస్‌పోర్ట్ ఆ తర్వాతి మెట్టు.

ఇందులో ఆడవాళ్ల కథ వేరే ఉంది. రాజ్యాంగం 5వ అధికరణం 1950లోనే తల్లిదండ్రుల్లో 'ఎవరో ఒకరు' అని తల్లినీ లెక్కలోకి తీసుకుంది. కానీ 1955 చట్టం విదేశాల్లో పుట్టిన పిల్లలకు తండ్రి పౌరసత్వాన్నే చూసింది. తల్లి ద్వారా కూడా పౌరసత్వం వస్తుందని చట్టంలోకి ఎక్కింది 1992 సవరణతోనే.

నమోదు చేయకపోతే?

గల్ఫ్ దేశాలు తమ గడ్డ మీద పుట్టినంత మాత్రాన వలస కార్మికుల పిల్లలకు పౌరసత్వం ఇవ్వవు. బ్రిటన్ కూడా 1983 నుంచి, తల్లిదండ్రుల్లో ఒక్కరైనా అక్కడి పౌరులో స్థిర నివాసులో అయితే తప్ప ఇవ్వడం లేదు. అలాంటి చోట పుట్టిన బిడ్డను మన కార్యాలయంలో నమోదు చేయకపోతే ఆ బిడ్డ ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

అమెరికా సంగతి వేరు. అక్కడ 14వ సవరణ కింద పుట్టుకతోనే పౌరసత్వం వస్తోంది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలకు దాన్ని ఆపాలని 2025 జనవరి 20న అధ్యక్షుడు ఉత్తర్వు ఇస్తే, దాన్ని కోర్టుల్లో సవాలు చేశారు. అమెరికా పౌరులు ఆ దేశంలోకి వచ్చిపోవడానికి అక్కడి పాస్‌పోర్టే వాడాలన్న నిబంధన ఉంది. అందుకే చాలామంది బిడ్డకు అమెరికా పాస్‌పోర్ట్ తీసి, భారత్ కోసం ఓసీఐ కార్డు తీసుకుంటారు.

మనం ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. ఓసీఐ పౌరసత్వం కాదు. ఓసీఐ ఉన్నవారికి ఓటు లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం ఇచ్చే 16వ అధికరణం వారికి వర్తించదని పౌరసత్వ చట్టమే చెబుతోంది. ఉద్యోగాల్లో మన రిజర్వేషన్‌కు ఆధారం ఆ అధికరణమే. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ లాంటి పరీక్షల్లో వారు ఎన్ఆర్ఐ సీట్లకే అర్హులు. తల్లిదండ్రులు రిజర్వేషన్‌తో చదువుకుని విదేశం వెళ్తే, వారి బిడ్డ తిరిగొచ్చి అదే హక్కు అడగలేని పరిస్థితి. అమెరికా పాస్‌పోర్ట్ తీసుకోవద్దని మేము అనడం లేదు. ఏం వదులుకుంటున్నామో తెలిసి తీసుకోవాలి.

కాగితాలు ఊళ్లోనే మొదలు

రాయబార కార్యాలయం సాధారణంగా అడిగేవి: అక్కడి ఆసుపత్రి లేదా స్థానిక ప్రభుత్వం ఇచ్చిన జనన పత్రం, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, వీసా లేదా నివాస పత్రాలు, పెళ్లి రుజువు. చిక్కు ఎక్కువగా చివరి దాని దగ్గరే వస్తుంది. మన వాడల్లో పెళ్లి జరుగుతుంది, రిజిస్ట్రేషన్ జరగదు. 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి దగ్గరే నమోదు చేయించుకోవచ్చు. ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంటే వెళ్లకముందే సరిచేసుకోవాలి.

కులాంతర జంటలకు ఇది మరీ కష్టం. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి 30 రోజుల బహిరంగ నోటీసు ఉంటుంది. 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్‌ను నరికి చంపిన మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోదే. అలాంటి చోట నోటీసు బోర్డు మీద పేరు పడడమంటే ఏమిటో మనకు తెలుసు. అయినా పెళ్లి పత్రం లేకుండా దేశం దాటితే ఆ భారం బిడ్డ మీద పడుతుంది.

ఒంటరి తల్లుల మాట

గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్లి, పెళ్లి పత్రం లేకుండా తల్లయిన ఆడవాళ్లది అన్నిటికంటే గడ్డు స్థితి. పెళ్లి రుజువు చూపకపోతే అక్కడ బిడ్డకు జనన పత్రం దొరకడమే కష్టం. మన వైపు నిబంధనలు కొంత మారాయి. 2016 డిసెంబర్ నుంచి పాస్‌పోర్ట్ దరఖాస్తులో తల్లి, తండ్రి, సంరక్షకుల్లో ఒకరి పేరు చాలు. అందుకే ఆ తల్లి ఏజెంట్‌ను నమ్మకుండా నేరుగా రాయబార కార్యాలయానికి వెళ్లాలి. ఆపదలో ఉన్నవారికి టికెట్, న్యాయ సాయం ఇవ్వడానికి అక్కడ భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అది ఉపకారం కాదు, అడిగి తీసుకోవాల్సినది.

ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద బిడ్డతో ఇంటికి చేరినంత మాత్రాన పని అయిపోదు. స్థిరపడటానికి తిరిగొచ్చినవారు, బిడ్డ దేశంలోకి వచ్చిన 60 రోజుల్లోగా జననాన్ని ఇక్కడ నమోదు చేయించవచ్చని 1969 జనన మరణాల నమోదు చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. దీంతో జనన పత్రం వస్తుంది. పౌరసత్వ చట్టం కింద నమోదు మాత్రం వేరే.

విద్యార్థి సంఘాలు చేయగలిగిన పని చిన్నదే. విదేశీ విద్యానిధికి ఎంపికైన వారికి, గల్ఫ్ వీసా చేతికొచ్చిన వారికి రెండు మాటలు చెప్పి పంపాలి: పెళ్లి పత్రం వెంట తీసుకెళ్లండి, బిడ్డ పుడితే ఏడాది నిండకముందే రాయించండి. బిడ్డ రేపు బడిలో, ఉద్యోగంలో, ఓటు దగ్గర తన వాటా అడగాలంటే ముందు ఆ దస్త్రంలో పేరుండాలి.