వాల్వు స్ప్రింగు: ఒక మిల్లీమీటరు లెక్క

మోటారుకారు ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగుచున్నప్పుడు క్యాముషాఫ్టు అందులో సగము, అనగా 3,000 చుట్లు తిరుగును. క్యాము తిరిగిన ప్రతి చుట్టుకు వాల్వు ఒకసారి తెరచుకొని మూసుకొనవలెను. అనగా సెకనుకు 50 సార్లు! సామాన్యమైన ఇంజనులలో వాల్వును తెరచునది క్యాము. మూయునది మాత్రము స్ప్రింగు. దాని బలము చాలనిచో వాల్వు క్యాము వెంట రాలేక వెనుకబడును. అప్పుడు పైకి వచ్చు పిస్టను దానిని కొట్టినచో వాల్వు వంగిపోవును. ఒక్కొక్కప్పుడు పిస్టనే పగులును.

మంచి స్ప్రింగు కొని వేసినంత మాత్రమున ఈ బలము వచ్చునా? రాదు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1676లో అక్షరములను తారుమారు చేసి పొడుపుకథగా ప్రకటించి, 1678లో విప్పి చెప్పిన నియమము ఇక్కడ పనిచేయుచున్నది. ఒక హద్దువరకు, స్ప్రింగును ఎంత నొక్కినచో అది అంతకు తగిన బలముతో ఎదురు నెట్టును. కనుక స్ప్రింగును ఎంత ఎత్తున బిగించినారన్నది ముఖ్యము. వాల్వు మూసియున్నప్పుడు సిలిండరు హెడ్డుపై స్ప్రింగు కూర్చుండు చోటునుండి, పైనున్న టోపీబిళ్ళ అడుగువరకు గల దూరమే ఆ ఎత్తు.

ఒక స్ప్రింగు సహజపు పొడవు 48 మి.మీ. అనుకొందము. దానిని ఒక్కొక్క మిల్లీమీటరు నొక్కుటకు 30 న్యూటన్ల బలము కావలెను. 40 మి.మీ. ఎత్తున బిగించినచో 8 మి.మీ. నొక్కుకొని 240 న్యూటన్లతో వాల్వును సీటుపై అదిమిపట్టును. వాల్వు 10 మి.మీ. తెరచుకొన్నప్పుడు బలము 540 న్యూటన్లగును.

పాత ఇంజనులో వాల్వును, సీటును గ్రైండు చేసినప్పుడు వాల్వు హెడ్డులోనికి కొంత దిగును. దాని కాడ ఆవలివైపు అంతే పైకి లేచును. టోపీబిళ్ళయు లేచును. ఒక్క మిల్లీమీటరు లేచినచో ఎత్తు 41 మి.మీ. అయి, బలము 210 న్యూటన్లకు దిగును. ఎనిమిదవ వంతు పోయినదన్నమాట! కొందరు కాడ కొనను అరగదీసి సందు సరిచేసి, పని ముగిసినదనుకొందురు. కాని బిళ్ళను పట్టియుంచు గాడి కొనకు క్రిందనున్నది. కొన ఎంత అరగదీసినను స్ప్రింగు ఎత్తు మారదు.

కొలుచుట కష్టము కాదు. స్ప్రింగు లేకుండ వాల్వు, బిళ్ళ, లాకులు అమర్చి, బిళ్ళను పైకి గట్టిగా లాగిపట్టి లోకొలతల గేజితో ఆ దూరము చూచెదరు. ఇందుకే తయారైన మైక్రోమీటరు కూడ కలదు. దానిని స్ప్రింగు చోట నిలిపి, వదులు పోవువరకు త్రిప్పి అంకె చదువుటే. అల్యూమినియము హెడ్డులో స్ప్రింగు క్రింద ఉండు ఉక్కుబిళ్ళను కొలతకు ముందే వేయవలెను. సీటులన్నియు ఒకే తీరున అరగవు గనుక ప్రతి వాల్వును విడిగా కొలువవలసినదే.

ఎత్తు ఎక్కువైనచో స్ప్రింగు క్రింద షిమ్ములు, అనగా పలుచని ఉక్కు వాషర్లు వేయుదురు. పై ఉదాహరణలో 1 మి.మీ. షిమ్ము చాలును. బలము కొరకు ఆశపడి 3 మి.మీ. వేసినచో? ఆ స్ప్రింగు తీగ మందము 4 మి.మీ., చుట్లు 7. చుట్టుకు చుట్టు ఆనినప్పుడు పొడవు 28 మి.మీ. బిగింపు ఎత్తు 38 మి.మీ. అయి, వాల్వు 10 మి.మీ. తెరచుకొనగానే చుట్లన్నియు ఒకదానికొకటి తాకి స్ప్రింగు ఇనుపదిమ్మ వలె అగును. క్యాము ఆగదు, ఏదో ఒకటి విరుగును. అందుచేత పూర్తిగా తెరచుకొన్నప్పుడు కూడ కొంత ఖాళీ మిగులవలెను. తయారీదారుడిచ్చిన ఎత్తున బిగించినప్పుడు ఇక్కడ మిగులునది 2 మి.మీ.

ఎత్తు తక్కువైనచో షిమ్ములతో పని జరుగదు. స్ప్రింగు కూర్చుండు చోటును లోతుగా కోయించవలెను. పాత స్ప్రింగునే తిరిగి వాడునప్పుడు దానిని త్రాసుపై నిర్ణీతమైన ఎత్తువరకు నొక్కి, బలము చూచిన పిమ్మటనే బిగించెదరు.