కాడి లేని బండిలో కాడి

బండి యూటర్న్ తీసుకునేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎంత ఎక్కువ దూరం పోతుంది? క్లాసులో ఇది అడిగితే పిల్లలు ముందుగా మలుపు ఎంత వెడల్పుదని ఎదురడుగుతారు. ఆ సంగతి అక్కర్లేదు. గుంతకల్లు బజారులో ఇరుకుగా తిప్పినా, ఖాళీ మైదానంలో తీరిగ్గా తిప్పినా తేడా ఒకటే. కుడి ఎడమ చక్రాల మధ్య ఎడాన్ని పైతో గుణిస్తే వచ్చేంత. పెద్ద ఎస్‌యూవీలో ఆ ఎడం సుమారు 1.65 మీటర్లు. కాబట్టి తేడా 5.2 మీటర్ల దాకా ఉంటుంది. అంత పెద్ద టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 2.4 మీటర్లు సాగుతుంది. అంటే ప్రతి యూటర్న్‌లోనూ బయటి చక్రం రెండు చుట్లకు పైగా అదనంగా తిరిగి తీరాలి.

ఎద్దుల బండికి ఈ చిక్కు లేదు. ఇరుసు కదలదు, చక్రాలు దాని మీద దేనికది తిరుగుతాయి. చిక్కంతా చక్రాలను ఇంజనుతో తిప్పాలనుకున్న రోజున మొదలైంది. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే మలుపులో ఒక టైరు రోడ్డును గీరుతుంది. ఒక్క చక్రాన్నే తిప్పితే బండి పక్కకు లాగుతుంది. రెంటినీ తిప్పాలి, అయినా దేని వేగం దానికి ఉండాలి. ఒనేసిఫోర్ పెక్యూర్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1828లో ఆవిరి బండి కోసం దీనికి ఉపాయం కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. అదే డిఫరెన్షియల్. తర్వాత సుమారు యాభై ఏళ్లకు ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ దాన్ని తొక్కుడు బండికి ఎక్కించాడు. తానూ కొడుకూ పక్కపక్కన కూర్చుని చెరో చక్రాన్నీ తొక్కుతుంటే, కుర్రవాడి కాళ్ల బలానికి బండి తిరిగిపోయి తండ్రి దురద మొక్కల్లో పడ్డాడనీ, ఒళ్లు గోక్కుంటూనే ఈ గేరు ఆలోచించాడనీ చెబుతారు. కథలో ఎంత నిజమున్నా, 1877 నాటి గేరు మాత్రం నిజం.

ఈ గేరు మీద నాకున్న మోజు తెలిసే నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. రోజూ గుంతకల్లు నుంచి బళ్లారికి ఉద్యోగానికి పోయి వస్తాడు. సెలవు దొరికితే బొమ్మనహాళ్ దగ్గరి చేనికి పోతాడు. ఖరీదైన ఎస్‌యూవీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో బేరానికి వచ్చింది. ఇనుప ఖనిజం ధర పలికిన రోజుల్లో బళ్లారికి ఇలాంటి బళ్లు బాగా అలవాటయ్యాయి. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆ జిల్లాలో తవ్వకాలు ఆపించింది గానీ మోజును ఆపలేదు. బండి బాగుంది, తోలు సీట్లు బాగున్నాయి, ధర కొత్తదానిలో మూడో వంతు కూడా లేదు. మరి ఫోన్ ఎందుకు?

“సార్, వెనక ఫోర్ బై ఫోర్ అని రాసినారు. ఇట్లాటిదే ఇంగో బండిని హగరి ఇసుకలో చూసినా. ఒక చక్రమే గిర్రున తిరుగుతాండాది, మిగతా మూడూ ఊరికే నిలబడినాయి. మోసం కాదా సార్ ఇది?”

మోసం కాదు, న్యాయం. మరీ ఎక్కువైన న్యాయం.

హగరి అంటే వేదవతి. పడమటి కొండల్లో పుట్టి, చిత్రదుర్గం జిల్లాలో మారికణివె ఆనకట్టా, అనంతపురం జిల్లాలో భైరవానితిప్ప ఆనకట్టా దాటి, బళ్లారి సరిహద్దు వెంట సాగి తుంగభద్రలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం నీటి కన్నా ఇసుకే ఎక్కువ. గాలికి ఆ ఇసుక లేచి బొమ్మనహాళ్, కణేకల్లు పొలాల మీద దిబ్బలు కట్టింది. గోవిందవాడ, దర్గాహొన్నూరు వైపు పోతే ఎడారిలా కనిపిస్తుంది. బళ్లారి వైపు చేలేమో నల్లరేగడి. ఎండలో చెయ్యి దూరేంత బీటలు, నాలుగు చినుకులు పడితే టైరు గాడులన్నీ పూడ్చేసే బంక. హైవే మీద యాభై కిలోమీటర్లు నున్నగా పోయి, ఆ తర్వాత కూరుకుపోయే ఇసుకలోనో జారే బంకలోనో దిగాలి. ఖరీదైన ఎస్‌యూవీలకు ఇంతకన్నా మంచి పరీక్ష హాలు ఉండదు.

ఇప్పుడు డిఫరెన్షియల్ లోపలికి వద్దాం. ఇంజను నుంచి వచ్చిన కడ్డీ చివర పినియను, దాని పళ్లకు తగిలే పెద్ద చక్రం క్రౌను. క్రౌనుకు బిగించిన గూడులో చిన్న గేర్లు ఉంటాయి. మెకానిక్కులు వాటిని స్టార్ పినియన్లు అంటారు. ఒక్కో స్టార్ పినియను తన కడ్డీ మీద వదులుగా కూర్చుని, ఒక పక్క కుడి ఇరుసు గేరునూ మరో పక్క ఎడమ ఇరుసు గేరునూ తోస్తుంది. ఇదే కాడి. నొగకు నడిమిలో కట్టిన కాడిని తలచుకోండి. దాపటి గిత్త ఎంత లాగితే వలపటి గిత్తా అంతే లాగాలి. ఒకటి మెడ వదులు చేస్తే కాడి అటు వంకర తిరుగుతుందే తప్ప రెండో గిత్త ఒంటరిగా బండిని లాగలేదు. దానికి బలముంది, ఆ బలాన్ని ఆనించడానికి అవతల ఏమీ లేదు. స్టార్ పినియను చేసేదీ అదే. రోడ్డు తిన్నగా ఉంటే తిరగకుండా రెండు పక్కలనూ సమానంగా తోస్తుంది. మలుపులో తన కడ్డీ మీద కాస్త తిరిగి ఒక చక్రానికి తగ్గించిన చుట్లు రెండో దానికి కలుపుతుంది. చుట్లు పంచడంలో ఎంత ఉదారమో, బలం పంచడంలో అంత నిక్కచ్చి. రెండు పక్కలకూ ఎప్పుడూ సమానమే.

జారే చక్రం వైపే బలమంతా పోతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని పాఠ్యపుస్తకాల్లోనూ చదివాను. అది సరికాదు. లెక్క చూడండి. ఎడమ చక్రం బంకలో ఉంది, 100 న్యూటన్ మీటర్ల టార్క్ దాటితే జారుతుంది. కుడి చక్రం గట్టి నేల మీద ఉంది, 1000 ఇచ్చినా పట్టుకుంటుంది. డిఫరెన్షియల్ ఎడమకు 100 ఇస్తుంది, కుడికీ 100 మాత్రమే ఇస్తుంది. మొత్తం 200. బండి కదలదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఆ 200 పెరగదు, ఎడమ చక్రం వేగం పెరుగుతుంది అంతే. నాలుగు చక్రాలనూ ఎప్పుడూ తిప్పే బండిలో ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి, రెండు ఇరుసుల మధ్య ఇంకొకటి, మొత్తం మూడు డిఫరెన్షియల్‌లు. మూడూ ఇంత నిక్కచ్చివే అయితే ఒక్క చక్రం జారినా నాలుగూ ఆ బలహీనుడి స్థాయికి దిగిపోతాయి. మావాడు ఇసుకలో చూసింది ఇదే.

ఆ తర్వాతి చరిత్రంతా, నా దృష్టిలో, ఈ న్యాయాన్ని ఎలా తప్పించాలన్న పోటీయే. ముఖ్యంగా మూడు వర్గాలు.

మొదటిది తాళం వర్గం. స్టార్ పినియను తిరగకుండా గూడును ఇరుసుకు బిగించేయడం. కాడిని నొగకు కదలకుండా కట్టేసినట్టు. అప్పుడు గట్టి నేల మీది చక్రానికి 1000 దాకా చేరుతుంది. 1970లో వచ్చిన రేంజ్ రోవర్ నాలుగు చక్రాలనూ ఎప్పుడూ తిప్పుతూ, నడిమి డిఫరెన్షియల్‌కు తాళం పెట్టుకుంది. 1979 నాటి మెర్సిడెస్ జీ వాగన్‌కు ముందూ వెనకా కూడా తాళాలు వచ్చాయి. పద్ధతిలో దాపరికం లేదు, గట్టిది. కానీ తారు రోడ్డు మీద తాళం తీయడం మరిస్తే మొదట చెప్పిన ఆ అదనపు చుట్లకు దారి ఉండదు, టైర్లూ గేర్లూ ఒకదాన్నొకటి మెలి తిప్పుకుంటాయి.

రెండోది నాకు ఇష్టమైనది. వెర్నన్ గ్లీస్‌మన్ అనే అమెరికన్ 1958లో పేటెంటు పొందిన డిఫరెన్షియల్. కాలువ తూము గేటు ఎత్తే మర చూసే ఉంటారు. పిడి తిప్పితే గేటు లేస్తుంది, గేటు బరువు మాత్రం పిడిని వెనక్కి తిప్పలేదు. వర్మ్ గేరుదీ అదే గుణం. వర్మ్ తన చక్రాన్ని సులువుగా తిప్పుతుంది, చక్రం వర్మ్‌ను తిప్పబోతే పళ్ల రాపిడి అడ్డుపడుతుంది. గ్లీస్‌మన్ రెండు ఇరుసుల చివరా వర్మ్‌లు పెట్టి, వాటి చక్రాలను జతజతలుగా కలిపాడు. మలుపులో రెండు చక్రాలూ నేలను పట్టుకుని, ఒకటి ముందుకు ఒకటి వెనక్కి నెమ్మదిగా జరుగుతాయి, గేర్లు ఒప్పుకుంటాయి. ఇంజను బలంతో ఒక చక్రం ఒక్కసారిగా జారబోయిందా, అవతలి వర్మ్‌ను చక్రంతో తిప్పాల్సి వస్తుంది, అది మొరాయిస్తుంది. ఎంత బలం వస్తే అంత మొరాయింపు. స్విచ్చు లేదు, సెన్సరు లేదు, కంప్యూటరు లేదు. పళ్లే పసిగడతాయి. నిష్పత్తి మూడు అనుకుంటే, జారే చక్రం దగ్గర 100 ఉన్నప్పుడు గట్టి చక్రానికి 300 చేరతాయి, మొత్తం 400. 1982లో దీన్ని గ్లీసన్ సంస్థ కొని టోర్సెన్ అన్న పేరుతో అమ్మింది. ఆ సంస్థ స్థాపకుడు విలియం గ్లీసన్ 1874లో వాలుపళ్ల గేర్లను కోసే యంత్రం తయారు చేసినవాడు. పాత డిఫరెన్షియల్‌లో ఉండేవి అలాంటి వాలుపళ్ల గేర్లే. దాన్ని ఓడించే గేరూ చివరికి ఆ ఇంటికే చేరడం నాకు భలే ముచ్చట.

ఆడీ తన క్వాట్రోను 1980లో నడిమి తాళంతో మొదలుపెట్టింది. తాళం వేస్తే ముందు వెనక చక్రాలు ముడిపడిపోతాయి, అప్పుడు బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ సరిగా పని చేయలేదు కాబట్టి దాన్ని ఆపేయాల్సి వచ్చేది. 1980ల రెండో సగంలో టోర్సెన్ రావడంతో ఆ గొడవ పోయింది. తర్వాత వచ్చిన ఆడీ క్యూ7, టయోటా ప్రాడోల నడిమి టోర్సెన్‌లో గేర్ల అమరిక మారింది, పళ్ల రాపిడి సూత్రం మారలేదు. లోపం ఒక్కటే. టోర్సెన్ గుణిస్తుంది, సృష్టించదు. చక్రం గాల్లోకి లేస్తే దాని దగ్గరి టార్క్ సున్నా, సున్నాను మూడుతో గుణించినా సున్నాయే.

మూడో వర్గం బ్రేకు వర్గం. ఇందులో గేరు మార్చలేదు, గేరును బుట్టలో వేశారు. 1997లో మెర్సిడెస్ ఎంఎల్ మూడు మామూలు డిఫరెన్షియల్‌లతో, తాళాలు లేకుండా వచ్చింది. చక్రం జారుతోందని ఏబీఎస్ సెన్సరు చెప్పగానే కంప్యూటరు ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. బ్రేకు 500 పట్టిందనుకోండి. నేల ఇచ్చే 100 కలిపి ఎడమ వైపు 600 అయింది. నిక్కచ్చి డిఫరెన్షియల్ కుడి వైపూ 600 ఇస్తుంది. నేల మీద పనికొచ్చేది 700. ఏబీఎస్ కోసం ఎలాగూ పెట్టిన సామాను, నాలుగు లైన్ల సాఫ్ట్‌వేర్. తెలివిని మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఆ 500 ఊరికే పోదు, చక్రం తిరుగుతున్నంతసేపూ డిస్కులో వేడిగా మారుతుంది. గుంట దాటడానికి ఇది చాలు. హగరి లాంటి చోట ఫర్లాంగుల కొద్దీ ఇసుకలో పోతుంటే బ్రేకులు కాగి, వాటిని కాపాడటానికి కంప్యూటరు సాయం ఆపేస్తుంది. ఇసుకలో బండికి కావలసిన ఊపునూ బ్రేకే తింటుంది.

మిగతా కథ గబగబా చెప్పేస్తాను. వోల్వో, ఫోక్స్‌వాగన్ లాంటివి నడిమి డిఫరెన్షియల్‌కు బదులు ముందు వెనక ఇరుసులను కలిపే హాల్డెక్స్ క్లచ్ పెట్టాయి. ఇది క్లచ్ వర్గం. బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్‌లోనూ క్లచ్ పలకలే, వాటిని ఒక చిన్న మోటారు బిగిస్తుంది. ల్యాండ్ రోవర్ 2004లో డిస్కవరీకి ఇసుక, బురద, రాళ్ల బొమ్మలున్న గుండ్రటి నాబ్ ఇచ్చింది. నాలుగేళ్లకు కంపెనీయే టాటాల చేతికొచ్చింది. ఇరుసుకు రెండు మోటార్లున్న విద్యుత్ బళ్లలో అసలు కాడే లేదు.

మావాడికి అందుకే చెప్పాను, సన్‌రూఫ్ తర్వాత చూడు, ముందు నీ బండి ఏ వర్గానిదో కనుక్కో. క్లచ్ వర్గానిదైతే టైర్ల మీద కన్నేయి. ముందు టైర్లు కొత్తవి, వెనకవి అరిగినవి, అరుగుదలలో 5 మిల్లీమీటర్ల తేడా అనుకుందాం. చుట్టుకు మూడు సెంటీమీటర్లు తేడా వస్తుంది. గుంతకల్లు నుంచి బళ్లారికి పోయేలోపు వెనక ఇరుసు రెండొందల పైచిలుకు చుట్లు ఎక్కువ తిరుగుతుంది. తిన్నని రోడ్డు మీద కూడా క్లచ్ పలకలు ఊరికే అరుగుతాయి. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడిపితే బండి గునిసినట్టు ఆగి ఆగి కదిలిందంటే ఆ అరుగుదల చాలా దూరం వచ్చిందని అనుమానించాలి. నాలుగూ ఒకే రకం, ఒకే ఈడు టైర్లు ఉండాలి. ఇరవై అంగుళాల రిమ్ములు చూడ్డానికి బాగుంటాయి గానీ, ఇసుకలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించి టైరును పరచాలంటే పక్క గోడ ఎత్తు ఉండాలి, చిన్న రిమ్మే మేలు.

ఎయిర్ సస్పెన్షన్ ఉంటే రాత్రి నిలిపిన ఎత్తు కొలిచి పొద్దున మళ్లీ కొలవాలి. ఒక మూల దిగితే రబ్బరు బుడ్డి కారుతోంది. అలాగే వదిలేస్తే కంప్రెసరూ పోతుంది. బళ్లారి నంబరున్న కేఏ 34 బండిని ఆంధ్రలో ఉంచుకోవాలంటే ఎన్ఓసీ, మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఆ ఖర్చు ధరలో కలుపుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం డిఫరెన్షియల్ నూనె. ఇరుసు నడిచి కాగి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా నీళ్లలో దింపితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, సీళ్ల గుండానో బ్రీదర్ గొట్టం గుండానో నీటిని పీలుస్తుంది. నీళ్లు కలిసిన గేరు నూనె పాలు కలిపిన కాఫీ రంగుకు తిరుగుతుంది. కింద డ్రెయిన్ నట్టు విప్పి నాలుగు చుక్కలు వేలి మీద వేసుకుంటే బండి ఏ వాగుల్లో మునిగిందో తెలుస్తుంది. ఆ నట్టుకు అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్న ఇనుప రజను పళ్ల సంగతి చెబుతుంది. సన్నటి బూడిదలా ఉంటే మామూలే, రేకులూ ముక్కలూ ఉంటే లేచి రావడమే.

మావాడు ఆదివారం మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. “టైర్లు నాలుగూ మారుస్తామన్నారు సార్, ధర కూడా తగ్గించినారు. నట్టు మాత్రం ఇప్పనీలేదు.”

“ఇంగో బండి చూడప్పా,” అన్నాను.