మాటకు మాట కలిపి

ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లలలో చాలామంది ఇప్పుడు సండేస్కూలుకు ఇంగ్లీషు బైబిలే తెచ్చుకుంటున్నారు. కంఠత వాక్యాలు తడుముకోకుండా అప్పజెప్పుతారు. అయితే అందులోని ‘అటోన్‌మెంట్’ అంటే ఏమిటని అడిగితే బిక్కముఖం వేస్తారు. పెద్దలమైన మనం ‘ప్రాయశ్చిత్తం’ అని చెప్పి ఊరుకుంటాం. ఆ మాట వారికి మరీ కష్టం. తెలియని మాటకు మరొక తెలియని మాటను జవాబుగా ఇచ్చామన్నమాట.

నిజానికి ఆ ఇంగ్లీషు మాటను ఐదేండ్ల పిల్లవానికి కూడ విప్పి చెప్పవచ్చు. అట్, వన్, మెంట్ అని అందులో మూడు ముక్కలున్నాయి. ‘అట్ వన్’ అనగా ఒకటిగా ఉండుట. తగవుపడి విడిపోయిన ఇద్దరు మళ్లీ కలిసిపోతే వారు ‘అట్ వన్’ అయ్యారని పూర్వం ఇంగ్లీషువారు అనేవారు. దానికి ‘మెంట్’ అనే ప్రత్యయం చేర్చగా ‘ఒకటి అగుట’ అనే అర్థం వచ్చింది. దేవునికీ మనిషికీ మధ్య తెగిపోయిన సంబంధం తిరిగి కలుపబడుట అనే అంత గొప్ప సంగతిని చెప్పడానికి, ఒంట్లు నేర్చుకునే పిల్లవానికి తెలిసిన ‘వన్’ చాలింది!

మరి ‘అట్‌వన్‌మెంట్’ అనకుండ ‘అటోన్‌మెంట్’ అంటారేమి? ఆ రోజులలో ‘వన్’ అనే మాటను ‘ఓన్’ అన్నట్లు పలికేవారు. ‘వ’కారం తరువాత వచ్చి చేరింది. ‘ఎలోన్’ అనే మాటలోను, ‘ఓన్లీ’ అనే మాటలోను దాగియున్నది కూడ ఈ ‘వన్’ అనే మాటే. ఆ రెండు మాటలలోను, అటోన్‌మెంటులోను పాత పలుకుబడి అలాగే నిలిచిపోయింది.

ఇంగ్లీషువారు క్రొత్త మాటలు చేసుకునే పద్ధతులలో ముఖ్యమైనవి రెండు. రెండు మాటలను ఒకటిగా కలుపుట ఒకటి, మాటకు ముందుగాని వెనుకగాని చిన్న ముక్కను తగిలించుట రెండవది. ఇవి మనకు క్రొత్త కాదు. మొదటిది మన సమాసమే. రెండవది మన ఉపసర్గ, ప్రత్యయాలే. ‘గుడ్’ అనే మాటకు ‘నెస్’ చేర్చి ‘గుడ్‌నెస్’ అంటే, ‘మంచి’కి ‘తనము’ చేర్చి మనం ‘మంచితనము’ అంటున్నాము. వారు ‘బిలీఫ్’ ముందు ‘అన్’ పెడితే మనం ‘విశ్వాసము’ ముందు ‘అ’ పెట్టి ‘అవిశ్వాసము’ అంటున్నాము. సమాసంలో సాధారణంగా చివరి మాటదే పెత్తనం అనే సూత్రం కూడ ఇద్దరికీ ఒకటే. ‘హౌస్‌బోట్’ అంటే పడవ, ‘బోట్‌హౌస్’ అంటే పడవలుంచే ఇల్లు.

ఒక్క విషయంలో మాత్రం తేడా ఉన్నది. సంస్కృత పదాన్ని తెలుగు పదంతో అడ్డదిడ్డంగా కలిపితే మన పండితులు ‘వైరి సమాసం’ అని కోప్పడతారు. ఇంగ్లీషువారికి ఆ పట్టింపు లేదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి మాటలు వెల్లువలా వచ్చిపడ్డాయి. కొంతకాలానికి సామాన్యులు రెండు భాషలనూ కలిపి కుట్టేశారు. ‘ఫెయిత్’, ‘గ్రేస్’, ‘మెర్సీ’ అనే మూడూ ఫ్రెంచి నుండి వచ్చినవి. వాటి వెనుక చేరిన ‘ఫుల్’ అచ్చమైన ఇంగ్లీషు. ఇక అటోన్‌మెంటులో ‘అట్’, ‘వన్’ ఇంగ్లీషువి, ‘మెంట్’ ఫ్రెంచిది. ఓడినవారి మాటకు గెలిచినవారి ముక్క అతికి, సమాధానపడుట అనే అర్థం పుట్టడం మాకు ఎంతో సొగసుగా తోస్తుంది.

ఈ మాటను ఇంగ్లీషు బైబిలులో స్థిరపరచినవాడు విలియం టిండేల్. ఆయన దీనిని పుట్టించలేదు. ఆయనకు కొద్దికాలం ముందే ఇది వాడుకలో ఉన్నది. ఆయన అనువాదాన్ని తీవ్రంగా ఖండించిన సర్ థామస్ మోర్ కూడ తన రచనలో దీనిని వాడాడు. ఒకటగుట అనే మాటను ఇద్దరూ వాడారు గాని, వారిద్దరు మాత్రం ఎన్నడూ ఒకటి కాలేదు. మోర్ 1535 జూలైలో రాజాజ్ఞచేత శిరచ్ఛేదనం పొందాడు. మరుసటి సంవత్సరం అక్టోబరులో టిండేల్‌ను చంపారు.

అప్పటి ఇంగ్లండులో బిషప్పు అనుమతి లేకుండ లేఖనాలను ఇంగ్లీషులోనికి తర్జుమా చేయడం నేరం. ఆ నిషేధం నూరేండ్లకు పైబడినది. నాగలి దున్నే కుర్రవానికి కూడ లేఖనాలు తెలిసేటట్లు చేస్తానని టిండేల్ ఒక పండితునితో వాదిస్తూ అన్నట్లు చెబుతారు. లండన్ బిషప్పు ఆదరించకపోవడంతో 1524లో ఆయన దేశం విడిచి జర్మనీ చేరాడు. 1525లో కొలోన్ పట్టణంలో అచ్చు మొదలుపెడితే అధికారులకు తెలిసిపోయింది. అచ్చయిన కాగితాలు పట్టుకొని పారిపోయి, 1526లో వార్మ్స్ పట్టణంలో క్రొత్త నిబంధన పూర్తిచేశాడు. అవి బట్టల మూటలలో దాగి ఇంగ్లండు చేరాయి. దొరికినవాటిని బిషప్పు తగులబెట్టించాడు. ఆ ముద్రణలో నేడు మిగిలినట్లు తెలిసినవి మూడే ప్రతులు.

నాగలి దున్నే కుర్రవాడు అన్నది ఉత్త మాట కాదు. ఆ కుర్రవానికి లాటిను రాదు. అందుచేత లాటిను మాటలను దింపుకొనే బదులు, వాని నోటనున్న చిన్న మాటలనే కలిపి టిండేల్ పెద్ద మాటలు చేశాడు. హెబ్రీ నుడికారం లాటిను కంటె ఇంగ్లీషుకే ఎన్నో రెట్లు బాగా ఇముడుతుందని ఆయన 1528లో వ్రాశాడు. 1530లో ఆయన అచ్చువేయించిన ఐదు కాండములలో ఆ పనితనం కనబడుతుంది.

లేవీయకాండము 16వ అధ్యాయం తీయండి. ప్రాయశ్చిత్త దినమున రెండు మేకలను తెస్తారు. చీట్లు వేసి, ఒకదానిని బలి ఇస్తారు. రెండవదాని తలమీద అహరోను తన రెండు చేతులు ఉంచి ప్రజల పాపములన్నిటిని ఒప్పుకొన్న తరువాత దానిని అరణ్యములోనికి పంపివేస్తారు. ఇక్కడ హెబ్రీలో ‘అజాజేలు’ అనే మాట ఉన్నది. అది ఒక స్థలం పేరని కొందరు, ఒక దురాత్మ పేరని కొందరు పండితులు చెబుతారు. టిండేల్ దానిని ‘మేక’, ‘వెళ్లిపోవు’ అనే రెండు హెబ్రీ మాటల కలయికగా తీసుకొని, తానూ రెండు మాటలు కలిపాడు. ‘స్కేప్‌గోట్’! స్కేప్ అనగా మన కుర్రకారు తెలుగులో కూడ విరివిగా వాడుతున్న ‘ఎస్కేప్’ అనే మాటే. మొదటి అక్షరం రాలిపోయిన ఆ రూపం అప్పుడు ఇంగ్లండులో వాడుకే. కాబట్టి స్కేప్‌గోట్ అంటే తప్పించుకొనిపోయిన మేక.

నేడు ఇంగ్లీషు పత్రికలలో ఈ మాట ఒకరి తప్పును మోసే నిరపరాధికి చెల్లుతున్నది. మన తెలుగు పత్రికలు దానిని ‘బలిపశువు’ అంటున్నాయి. ఫలానా గుమస్తాను బలిపశువును చేశారని చదువుతుంటాం గదా! కాని లేవీయకాండము ప్రకారం బలి అయినది మొదటి మేక. స్కేప్‌గోట్ అన్నది బలి కాక, భారం మోసుకొని ప్రాణాలతో వెళ్లిపోయిన మేక. అతికిన ముక్కలను విప్పి చూడకపోతే ఒక మేక పేరు ఇంకొక మేకకు వస్తుందన్నమాట. సిలువలో ఈ రెండు మేకల పనీ ఒక్కడే చేశాడని మన ప్రసంగీకులు చెప్పడం వేరు. అక్కడ రెండూ కలవవలసినవే.

పస్కాకు టిండేల్ చేసిన మాట ‘పాస్‌ఓవర్’. దాటిపోవుట అనే క్రియ, ‘పైగా’ అనే చిన్న మాట, రెండూ కలిసి పండుగ పేరయ్యాయి. ఈ అచ్చులోనే పోసిన మరొక మాట 2020 మార్చిలో మన ప్రతి ఇంటిలోనికి వచ్చింది. ‘లాక్‌డౌన్’. తాళం వేయుట, క్రిందికి, అంతే. ఐగుప్తులో ఆ రాత్రి ఇశ్రాయేలీయులు కూడ ఉదయమువరకు ఎవరూ గడప దాటకూడదని ఆజ్ఞ పొందినవారే. పిల్లలకు ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చెప్పి చూడండి.

మందసము మీది మూతకు జర్మనులో మార్టిన్ లూథర్ కృపాసనము అనే అర్థమిచ్చే సమాసం వాడాడు. దానిని చూచి టిండేల్ ‘మెర్సీ సీట్’ అన్నాడు. మన తెలుగు బైబిలులో ‘కరుణాపీఠము’. మూడు భాషలలోను రెండేసి మాటలే, ఒకే కూర్పే.

ఇంగ్లీషు ప్రత్యయాలు కొన్ని ఒకప్పుడు స్వంతంగా బ్రతికిన మాటలే. ‘కింగ్‌డమ్’ చివరనున్న ‘డమ్’ పూర్వం తీర్పు, అధికారం అనే అర్థం గల మాట. తీర్పు దినాన్ని చెప్పే ‘డూమ్స్‌డే’లోని ‘డూమ్’ కూడ అదే. ‘ఫెలోషిప్’లోని ‘షిప్’కు సముద్రపు ఓడతో ఏ చుట్టరికమూ లేదు. అది రూపం, స్థితి అనే అర్థం గల ప్రత్యయం. ఇక ‘ఫెలో’ అన్నదే ఒక సమాసం. డేనుల దండయాత్రలతో ఉత్తర దేశాలనుండి వచ్చిన ఈ మాటకు మూలార్థం ‘సొమ్ము కలిపి ఉంచినవాడు’, అనగా భాగస్థుడు. అందులో సొమ్ముకు వాడిన మాటకు పశువులనీ, ధనమనీ రెండర్థాలున్నాయి. మన ఉత్తరాంధ్ర పల్లెలలో నేటికీ పశువులను సొమ్ములంటారు! సహవాసం పేరిట ఆదివారం టీ త్రాగి విడిపోయే మనకు, సమస్తమును ఉమ్మడిగా ఉంచుకొన్న ఆదిమ సంఘం ఆ మాటలోనుండి తొంగిచూస్తున్నది.

‘గాస్పెల్’ కూడ అతుకే. ‘మంచి’, ‘వార్త’ అనే రెండు పాత ఇంగ్లీషు మాటలు కలిసి ‘గాడ్‌స్పెల్’ అయ్యాయి. గ్రీకు మాటను ముక్కకు ముక్క దింపినదే ఇది. ‘సు’ అనే ఉపసర్గతో మనవారు ‘సువార్త’ అన్నదీ అదే పద్ధతి. కాలక్రమాన ఇంగ్లీషువారు మొదటి ముక్కను ‘మంచి’ అని కాక ‘దేవుడు’ అని అనుకోసాగారు. పొరబాటే గాని చెడు పొరబాటేమీ కాదు.

‘ఫర్‌గివ్’ అనే మాటలో ముందున్న ‘ఫర్’ను ‘కొరకు’ అనే ‘ఫర్’ అనుకోకూడదు. అది పూర్తిగా అనే అర్థం గల పాత ఉపసర్గ. పూర్తిగా ఇచ్చివేయుటే క్షమించుట. ‘ఫర్‌గెట్’, ‘ఫర్‌సేక్’ మాటలలో ఉన్నదీ అదే. దానితో ఇప్పుడు ఎవరూ క్రొత్త మాటలు చేయరు. ‘హెల్త్’, ‘ట్రూత్’ చివరనున్న ‘త్’ కూడ అలాగే ఉడిగిపోయింది. ‘నెస్’కు మాత్రం ముసలితనం రాలేదు, నేటికీ దేనికైనా అతుకుతుంది. అన్నట్లు ‘హెల్త్’, ‘హోల్’, ‘హోలీ’ మూడూ ఒక వేరునుండి పుట్టినవే. ఆరోగ్యము, సంపూర్ణత, పరిశుద్ధత అన్నవి వారి భాషలో ఒక తల్లి పిల్లలు.

అలాగని కనిపించిన ప్రతి మాటనూ కోసి చూడకండి. ‘అండర్‌స్టాండ్’ అంటే క్రింద నిలబడుట అని చెప్పి పిల్లవానిని తికమక పెట్టేరు. కొన్ని అతుకులు ఎంత పాతబడ్డాయంటే, అతుకు కనబడినా అర్థం అందదు. ‘గుడ్‌బై’లో ‘దేవుడు మీతో ఉండును గాక’ అనే దీవెన నలిగిపోయి ఉన్నదని చెబితే తప్ప ఎవరికి తెలుస్తుంది?

టిండేల్ పాత నిబంధన పూర్తిచేయలేదు. 1535లో ఆంట్‌వర్ప్‌లో స్నేహితుడుగా నటించిన ఒకడు ఆయనను పట్టించాడు. విల్‌వోర్డ్ కోటలో ఏడాదికి పైగా ఖైదులో ఉంచారు. అక్కడనుండి ఆయన వ్రాసిన ఉత్తరమొకటి మిగిలియున్నది. చలికి ఒక టోపీ, చీకటి సాయంత్రాలకు ఒక దీపం, అన్నిటికంటె ముఖ్యంగా హెబ్రీ బైబిలు, హెబ్రీ వ్యాకరణం, నిఘంటువు ఇప్పించమని అందులో బ్రతిమాలుకున్నాడు. 1536లో ఆయనను గొంతు నులిమి చంపి, దేహాన్ని కాల్చివేశారు. మరుసటి సంవత్సరమే, 1537లో, ఆయన అనువాదం చాలా భాగం ఉన్న బైబిలు వేరొక పేరుతో ఇంగ్లండు రాజు అనుమతి పొంది వెలువడింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు క్రొత్త నిబంధనలో ఎక్కువ భాగం ఆయన మాటలే.

ఆయన అందుకోలేని కీర్తనలను మైల్స్ కవర్‌డేల్ తర్జుమా చేశాడు. ఆయన పేరిట 1535లో వచ్చినది అచ్చయిన మొదటి సంపూర్ణ ఇంగ్లీషు బైబిలు. కీర్తనలలో ‘హెసెద్’ అనే హెబ్రీ మాట తరచు వస్తుంది. అది ప్రేమ, దయ, నిబంధనకు కట్టుబడిన నమ్మకం, అన్నీ. ఒక్క ఇంగ్లీషు మాట దానిని మోయలేదు. కవర్‌డేల్ ‘లవింగ్’ను, ‘కైండ్‌నెస్’ను జోడించి ‘లవింగ్‌కైండ్‌నెస్’ అన్నాడు. ‘కైండ్’ అనే మాట, రక్తసంబంధులను చెప్పే ‘కిన్’ అనే మాట దగ్గరి చుట్టాలు. స్వంతవారిపట్ల చూపేదే కైండ్‌నెస్ అన్నమాట.

మీ ఇంట ఉన్న బైబిళ్లన్నిటిలోను 51వ కీర్తన మొదటి వచనం తీయండి. తెలుగులో ‘కృప’ అని ఉంటుంది. కింగ్ జేమ్స్ బైబిలులో కవర్‌డేల్ అతికిన మాటే ఉంటుంది. 1978లో పూర్తయిన న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్‌లో అది కనబడదు. దాని చోట ‘అన్‌ఫెయిలింగ్ లవ్’ అని ఉంటుంది. ముందు ‘అన్’, వెనుక ‘ఇంగ్’, నడుమ ‘ఫెయిల్’. పరీక్షా ఫలితాలు వచ్చే రోజున ఆ నడిమి మాట అర్థం మన పిల్లలలో ఎవరికీ చెప్పనక్కరలేదు. దాని ముందు చేరిన ‘అన్’ ఒక్కటి చెబితే చాలు.