గిటారు గొంతు మార్చే పెట్టె

“ఊ” అని మొదలుపెట్టి, శ్రుతి మార్చకుండా నోరు మెల్లగా తెరుస్తూ “ఆ” అనండి. కంఠం చేసే ధ్వని మారలేదు. మొదట నోరు దానిలోని సన్నని నాదాలను అణచి ఉంచింది, తరవాత వదిలింది. సింథసైజర్ అనే విద్యుత్ వాద్యంలో ఫిల్టరు చేసేది ఈ పనే.

ఈ వాద్యానికి పేరు తెచ్చినవాడు అమెరికా దేశపు ఇంజనీరు రాబర్ట్ మోగ్. (మన “మోగు” అనే మాటకూ ఆయన పేరుకూ చుట్టరికమేమీ లేదు!) 1970లో వచ్చిన ఆయన మినీమోగ్‌కు హార్మోనియానికి వలె 44 మెట్లు ఉన్నవి. ఏ మెట్టు నొక్కితే ఎంత విద్యుత్తు వెళ్ళాలో ముందే నిర్ణయించి ఉంటుంది. ఒక ఓల్టు పెరిగితే స్వరం సరిగా ఒక స్థాయి, అంటే కింది “స” నుంచి పై “స”కు, పోతుంది.

గిటారుకు ఆ సదుపాయం లేదు. తంతి కంపించడమే దానికి తెలుసు. అయినా గిటారు వాయించేవారికి ఆ గంభీరనాదం కావలసివచ్చింది. 1970ల చివర న్యూయార్కులోని ఎలక్ట్రో హార్మోనిక్స్ కంపెనీ మైక్రో సింథసైజర్ అనే పెడల్ తయారుచేసింది. కాలితో నొక్కితే పనిచేసే చిన్న పెట్టె ఇది. తమాషా ఏమంటే, దీనిలో స్వరం పుట్టించే యంత్రమేదీ లేదు! తంతి ధ్వనినే చెక్కి కొత్త రూపం ఇస్తుంది.

గిటారు అయిదవ తంతి సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. పెట్టె ముందుగా ఆ గుండ్రని అల తలనూ పాదాన్నీ కోసి చదరంగా చేస్తుంది. దానితో నాదం గరుకెక్కుతుంది. తరవాత, ప్రతి రెండడుగులకూ ఒకసారి డప్పు కొట్టినట్టు, రెండు కంపనాలకు ఒకటి చొప్పున లెక్కపెడుతుంది. 110 కాస్తా 55 అవుతుంది. అంటే, ఒక స్థాయి కింద మంద్రస్వరం వచ్చిందన్నమాట. ఈ రెంటినీ కలిపి, ఫిల్టరు “ఆ” నుంచి “ఊ”కు చప్పున మూసుకునేలా అమర్చితే, పాత మోగ్ వాద్యం వలె “బౌం” అంటుంది. పెట్టె మీది మరొక మరను జరిపితే, తంతిని తాకినప్పటి “టంగు”మనే చప్పుడును మింగివేసి, నాదాన్ని మెల్లగా పైకి తెస్తుంది. వినేవారు అది గిటారంటే నమ్మరు.

చిక్కంతా లెక్కలో ఉన్నది. రెండు తంతులు ఒకేసారి మోగితే ఏ కంపనాన్ని లెక్కపెట్టాలో పెట్టెకు తెలియదు. మంద్రస్వరం తడబడి గురగురలాడుతుంది. అందుచేత ఒక్క తంతినే శుభ్రంగా మీటి, తక్కినవాటిని అరచేతితో అణచి ఉంచాలి. ఇది పెద్ద లోపమని నేననుకోను. మినీమోగ్ కూడా ఒక్కసారికి ఒక్క స్వరమే పలికేది!