మేలిముసుగు రెబెకా: బెంజోనీ శిల్పం – కాలనిర్ణయం, ప్రతుల పరిశీలన

1. ఉపోద్ఘాతం
హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియాన్ని దర్శించినవారు ‘వెయిల్డ్ రెబెకా’ పాలరాతి శిల్పం ఎదుట ఒక్క క్షణమైనా నిలవకుండా రారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల డిగ్రీ విద్యార్థులు తమ యాత్రావ్యాసాలలో దీనిని గురించి సాధారణంగా మూడు మాటలు రాస్తుంటారు. ఇది 1876లో బెంజోనీ చెక్కినది. లోకంలో ఇటువంటిది ఇదొక్కటే. దీనిని సేకరించినవారు మూడవ సాలార్‌జంగ్. ఈ మూడూ పరిశీలనకు నిలిచేవి కావు. శిల్పి జీవితం ఆధారంగా వీటిని సరిచూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శిల్పి జీవితం
జొవాన్నీ మరియా బెంజోనీ 1809లో ఉత్తర ఇటలీలోని బెర్గామో ప్రాంతంలో, సొంగవాజ్జో గ్రామంలో జన్మించాడు. 1815 నుండి 1859 వరకు ఆ ప్రాంతం ఆస్ట్రియా సామ్రాజ్యంలో భాగం. కనుక అతని బాల్యంలో చాలా భాగం ఆస్ట్రియా ఏలుబడిలో గడిచింది. లోవెరెకు చెందిన కౌంట్ లుయీజీ తాదీనీ అతని ప్రతిభను గుర్తించి, రోమ్‌లో శిల్పవిద్య నేర్చుకోవడానికి తోడ్పడ్డాడు. బెంజోనీ రోమ్‌లోనే స్థిరపడి, పెద్ద శిల్పశాలను నిర్వహించి, 1873లో మరణించాడు.

3. ఇతివృత్తం, పనితనం
తెలుగు బైబిలులోని రిబ్కాయే ఈ రెబెకా. తనకు కాబోయే భర్త ఇస్సాకును దూరం నుండి చూసి, ఒంటె దిగి, ఆమె ముసుగు వేసుకొన్న సందర్భం ఆదికాండము 24వ అధ్యాయంలో ఉంది. శిల్పంలో ముసుగు వేరొక పొర కాదు. ముఖమూ ముసుగూ ఒకే రాయి. ముక్కు, పెదవుల వద్ద వస్త్రం అంటుకొన్నట్లు, మడతల వద్ద మాత్రం సన్నగా పైకి తేలినట్లు చెక్కడం వలన వెలుగునీడలు ఏర్పడి, చూపరి కన్ను రాతిలో పారదర్శకతను ఊహించుకొంటుంది.

4. కాలం, ప్రతులు
19వ శతాబ్దపు ఐరోపా శిల్పశాలలలో శిల్పి ముందుగా మట్టినమూనా చేసేవాడు. దాని ప్లాస్టరు అచ్చుపై కొలతలు తీసి సహాయకులు పాలరాతిని మలిచేవారు. అందువలన ఒకే రూపకల్పనకు పలు ప్రతులు ఏర్పడేవి. బెంజోనీ 1860లలో రూపొందించిన రెబెకాకు అమెరికాలోని అట్లాంటా, డెట్రాయిట్ మ్యూజియాలలోనూ ప్రతులున్నాయి. ఇవన్నీ ఆ శిల్పశాల ప్రతులే. ఒకదానికొకటి నకలు అనడం సరికాదు.

1853 నుండి నిజాం దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ (1829–1883) 1876 నాటి ఐరోపా యాత్రలో మన ప్రతిని కొన్నాడు. అప్పటికి శిల్పి మరణించి మూడేళ్లయింది. మూడవ సాలార్‌జంగ్ (1889–1949) ఇంకా పుట్టనేలేదు.

5. ముగింపు
తాళపత్రప్రతి చివర కనిపించే సంవత్సరం లేఖకునిదే గాని కవిది కాదని పాఠపరిష్కరణ మనకు నేర్పింది. శిల్పం విషయంలోనూ ఆ వివేకమే అవసరం. 1876 అనేది కొనుగోలు సంవత్సరం, రచనాకాలం కాదు. విద్యార్థుల యాత్రావ్యాసాలను దిద్దేటప్పుడు అధ్యాపకులు ఈ భేదాన్ని గుర్తుచేస్తే, చూసివచ్చిన వస్తువు కూడా ఒక పరిశోధనాపాఠం కాగలదు.